తడి గడ్డిలో బ్రష్ కట్టర్ పెడుతున్నారా? ఇంజన్ ఆపకుండా చెయ్యి పెట్టకండి

మొన్న మా పక్క ఊరి కొబ్బరి తోటలో గడ్డి కోస్తున్న గుంటడికి రెండు వేళ్ళు పోయాయి. మిషన్ కొత్తది. గార్డు ఉంది, కాళ్ళకి బూట్లున్నాయి. బ్లేడుకి తడి తుంగ చుట్టుకుంటే లాగేద్దామని చెయ్యి పెట్టాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది.

ఈ వానలకి ఉద్దానం తోటల్లో గడ్డి నడుం దాకా వచ్చేసింది. దసరా లోపు బాగు చేయించుకోవాలని అందరం ఒకేసారి మిషన్లు బయటికి తీస్తాం. బూట్లు, కళ్ళజోడు సంగతి మీకు తెలిసిందే. నేను మొత్తుకునేది ఒక్కటే: గడ్డి చుట్టుకుంటే ముందు ఇంజన్ ఆపండి. ఆ తర్వాతే చెయ్యి.

రేసు వదిలేస్తే బ్లేడు నిలిచిపోయినట్టే కనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. ఐడిలింగ్ (రేసు ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎక్కువగా ఉన్నా, క్లచ్ స్ప్రింగు సాగిపోయినా బ్లేడుకి ఎంతో కొంత తోపు అందుతూనే ఉంటుంది. దాన్ని తిరగనివ్వకుండా పట్టుకున్నది ఆ తడి గడ్డే. నాలుగు పోచలు లాగగానే పట్టు వదిలి గిర్రున తిరుగుతుంది. వేళ్ళు అప్పటికి అక్కడే ఉంటాయి.

నాకూ అయింది. గ్లౌజు చూపుడువేలి కొస తెగిపోయింది, వేలు మిగిలింది. ఆ గ్లౌజు మా షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉంటుంది. మిషన్ పట్టడానికి వచ్చిన ప్రతివాడికీ ముందు అదే చూపిస్తాను.

వరస ఇది. స్విచ్ ఆపండి. బ్లేడు పూర్తిగా నిలిచేదాకా కళ్ళతో చూడండి. ప్లగ్ క్యాపు పీకేయండి, ఇక పక్కవాడు పొరపాటున తాడు లాగినా స్టార్ట్ కాదు. అప్పుడు మిషన్ కింద పెట్టి కర్రతో గడ్డి లాగండి.

అసలు చుట్టుకోకుండా చూసుకుంటే సగం గండం తప్పుతుంది. పొద్దున్నే దిగకండి, ఎండెక్కి తడి ఆరనివ్వండి. నడుమెత్తు గడ్డిని ఒక్క ఊపుకి మొదలంటా కోస్తే పొడుగు పోచలు తాడులా పేనుకుని బ్లేడు మీదికెక్కుతాయి. ముందు పై సగం కోయండి, తర్వాత కింది సగం. కుడి నుంచి ఎడమకి ఊపండి. కోసిన గడ్డి కోసిన వైపే పడుతుంది, మళ్ళీ బ్లేడు కిందికి రాదు.

దిగేముందు కర్రతో తట్టుకుంటూ తోటంతా ఒకసారి నడవండి. రక్తపింజర ఉండొచ్చు, తీగ ముక్క ఉండొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి విరిగిన జీడి చెట్ల మొదళ్ళు గడ్డిలో కనపడవు. బ్లేడు ముందు భాగం కుడివైపు అంచు అలాంటి మొద్దుకి తగిలితే మిషన్ ఎదురు తన్నుతుంది.

15 మీటర్ల లోపల ఎవరినీ ఉండనివ్వకండి, రాయి ఎగిరితే కన్ను పోతుంది. మంచినీళ్ళు తెచ్చిన మనిషి కూడా దూరం నుంచే కేకెయ్యాలి. లుంగీతో దిగకండి. మెడలో తువ్వాలు వద్దు. గార్డు అడ్డమొస్తుందని తీసేసినవాడికి మిషన్ ఇవ్వకండి. ఇంజన్ చల్లారకుండా పెట్రోలు పోయకండి. వాన మొదలైతే ఆపేయండి. ఒంటరిగా వెళ్ళకండి. చీకటి పడేలోపు ఆ ఒక్క మూల అయిపోవాలని తొందరపడకండి. గడ్డి చుట్టుకుందా? ఇంజన్ ఆపండి. పదోసారి చుట్టుకుందా? పదోసారీ ఆపండి. కాలితో తన్నకండి. కొడవలి పెట్టకండి. ఆపండి.

జరగరానిది జరిగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచండి, 108కి ఫోన్ చేయండి. తెగిన వేలిని నేరుగా ఐసులో వేయకండి. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఆ కవర్ని ఐసులో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఆ వేలి కోసం గడ్డిలో వెతికేముందు కూడా మిషన్ ఆగిందో లేదో చూడండి.