తెగిన ముత్యాల దండ బాగుచేసుకోవడం: ముందు ఉన్నవాటి లెక్క, తర్వాతే కొత్తవి

దండ తెగిందని తెచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. “అక్కా, పోయినకాడ కొత్తయి పెడితే తెలుస్తదా?” పాతదాని పక్కనే కొత్తది పెడితే తెలుస్తుంది. ఎక్కడ పెట్టాలో చూసి పెడితే తెలియదు. అయితే ఆ మాటకు ఇంకా టైముంది. తెగిన దండ చేతికి రాగానే చేయాల్సిన పని, మిగిలిన ముత్యాల్లో ఇంకొక్కటి కూడా పోకుండా చూసుకోవడం.

నేను మహబూబ్‌నగర్‌లో మగ్గం వర్క్ చేస్తాను. పూసలు, ముత్యాలు, సన్న సూదులు రోజూ చేతిలో ఉండేవే కాబట్టి చుట్టాలవీ తెలిసినవాళ్లవీ దండలు గుచ్చిపెట్టడం అలవాటైంది. కింద చెప్పేదంతా మా అత్తమ్మ రెండు పేటల దండను ముందు పెట్టుకుని చెబుతున్నాను. అది ఆమెకు వాళ్లమ్మ పెట్టింది. లోపలి పేట బాగానే ఉంది. బయటి పేట ఎప్పుడో తెగితే, దొరికిన ముత్యాలను తెగిన దారంతో సహా చేతిరుమాల్లో మూటకట్టి బీరువాలో పెట్టారు. ఆ దారం పారేయకపోవడం ఎంత మంచిదైందో ముందు ముందు చెబుతాను.

పనికి కూర్చునే ముందు ఫ్యాన్ ఆపండి, తలుపు దగ్గరకు వేయండి. మందంగా ఉన్న తెల్ల టవల్‌ను నిలువుగా మడిచి, మధ్యలో వేలితో నొక్కి గాడి చేయండి. అందులో పెడితే ముత్యాలు దొర్లవు. దండ ఇంకా తెగకుండా, దారం మాత్రం వదులైపోయి ఉంటే, కత్తెర పెట్టే ముందు పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. తర్వాత ఒక కొస నుంచి ఒక్కో ముత్యం తీసి అదే వరుసలో గాడిలో పెట్టుకుంటూ పోండి. వరుస ఒకసారి చెదిరితే మళ్లీ పేర్చడానికి ఒక పూట పడుతుంది.

మా అత్తమ్మ దండలో వరుస ముందే చెదిరిపోయింది. ఇలాంటి పాత దండలు చాలావరకు దిగుడు సైజువి. అంటే నడుమ పెద్ద ముత్యం, అక్కడి నుంచి రెండు వైపులా మెడ వెనక్కి పోయేకొద్దీ చిన్నవి. వీటిని కొలవాలంటే కాలిపర్, అంటే దవడల మధ్య పట్టి మందం కొలిచే పనిముట్టు ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు డిజిటల్‌ది చాలు, దవడల కింద చిన్న గుడ్డ ముక్క పెట్టి మెల్లగా పట్టుకోండి. ఈ దండలో నడిమిది 7 మిల్లీమీటర్లు, వెనక కొసల దగ్గరివి 4. పెద్దదాన్ని నడుమ పెట్టి, అదే సైజువి జతలు జతలుగా ఎడమకొకటి కుడికొకటి పేర్చుకుంటూ పోతే, ఐదు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా, ఒకదానికొకటి సరిపోని మూడింటికి జత దొరకలేదు. అంటే మూడు పోయాయని ఖాయం.

కానీ జతకు జతే పోతే ఈ పద్ధతిలో దొరకదు. అక్కడ పాత దారం పనికొచ్చింది. ముక్కలను చివరలు కలిపి పరిచి కొలిస్తే పేట అసలు పొడవు తెలుస్తుంది. వాడిన దారం కొంచెం సాగి ఉంటుంది కాబట్టి అర సెంటీమీటర్ తగ్గించుకోండి. గాడిలో పేర్చిన వరుస దానికంటే రెండున్నర సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. ఐదు మిల్లీమీటర్లవి మూడు కలిపితే ఒకటిన్నర. మిగిలిన సెంటీమీటరు దాదాపు రెండు చిన్న ముత్యాల జాగా. మొత్తం ఐదు. దారం లేకపోతే పెళ్లి ఫొటో చూడండి. అందులో పేట మెడ గుంట నుంచి ఎంత కిందికి వేలాడుతుందో చూస్తే ఒక అంచనా వస్తుంది.

అన్నీ ఒకే సైజున్న దండకు ఇంత తిప్పలు లేదు. 16 అంగుళాల పేట, 6 మిల్లీమీటర్ల ముత్యాలు అనుకోండి. ముత్యాలు ఒకదానికొకటి ఆనేలా గుచ్చితే 67 పడతాయి, నడుమ ముడులు వేస్తే 62 చాలు. అంటే ముడులు లేని పాత దండకు ముడులు వేసి గుచ్చితే, నాలుగైదు ముత్యాలు పోయినా పొడవు దాదాపు అంతే వస్తుంది. చాలామందికి ఈ లెక్క చెప్పగానే కొత్తవి కొనే టెన్షన్ తీరిపోతుంది.

అసలువా గాజువా అనేది చూసుకోవాలి, కానీ విలువ కట్టడానికి కాదు, ఎలా తుడవాలో తెలియడానికి. రెండు ముత్యాలను ఒకదానికొకటి మెల్లగా రాస్తే అసలుది కొంచెం గరగరమంటుంది, నకిలీది జారిపోతుంది. ఇంకా నమ్మకమైన చోటు రంధ్రం. భూతద్దంతో చూస్తే నకిలీదానికి రంధ్రం చుట్టూ పూత పొరలుగా లేచి లోపల గాజో ప్లాస్టిక్కో కనబడుతుంది. అలాంటివాటికి నీళ్లు తగలనీయకండి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. గాజువని తెలిసి కొందరు మొహం ముడుచుకుంటారు. అమ్మమ్మ మెడలో ఉన్నది అదే కదా, గుచ్చేటప్పుడు నేనైతే తేడా చూపించను.

అసలు ముత్యాలకు మన ఇళ్లలో జరిగే పెద్ద అన్యాయం కడగడం దగ్గరే. బంగారం కడిగినట్టు కుంకుడు రసంలో, చింతపండు నీళ్లలో వేస్తారు. ముత్యం అంటే కాల్షియం కార్బొనేట్, సముద్రపు గవ్వా సున్నపురాయీ అదే పదార్థం. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది, ఆ మెరుపు మళ్లీ రాదు. నిమ్మకాయ, వెనిగర్, వంటసోడా, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు. నగల షాపుల్లో అల్ట్రాసోనిక్ మెషిన్లో వేస్తామంటే దండను వెనక్కి తీసుకోండి. మెత్తని నూలు గుడ్డను గోరువెచ్చని నీళ్లలో తడిపి గట్టిగా పిండి, ఒక చుక్క బేబీ షాంపూ అంటించి ఒక్కో ముత్యాన్నీ తుడవండి. తర్వాత ఉత్త తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో. ఏళ్లు గడిచి వచ్చిన పసుపు చాయ దీనితో పోదు, పోవాల్సిన పనీ లేదు.

ఇక పోయినవాటి సంగతి. మూడు దార్లున్నాయి. ఒకటి, దండను కొంచెం పొట్టి చేయడం. దిగుడు సైజు దండలో జత పోయిన ముత్యాన్ని కూడా పక్కకు తీసేస్తే రెండు వైపులా సమానంగా ఉంటుంది, తీసినవి దాచుకోవచ్చు. రెండు, కొత్త ముత్యాలు పెట్టడం. మూడు, పోయినచోట్ల సన్నటి బంగారు గుండ్లు గుచ్చడం. గుండ్లు పెడితే మాత్రం రెండు వైపులా ఒకేచోట, ఒకే లెక్కన పెట్టండి. అప్పుడు చూసేవాళ్లకు అది మొదటి నుంచీ ఉన్న డిజైన్ లాగే కనబడుతుంది. అత్తమ్మకు గుండ్లు నచ్చలేదు. “మా అమ్మ పెట్టినప్పుడు లేవు గదనే” అన్నారు. సరే, ముత్యాలే తెద్దామనుకున్నాం.

పాలమూరు షాపుల్లో తయారైన దండలు దొరుకుతాయి గానీ, విడి ముత్యాలు సైజు చూసి ఏరుకోవాలంటే చార్మినార్ పోవాల్సిందే. ఇమ్లీబన్‌లో బస్సు దిగి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే మదీనా, పత్తర్‌గట్టి. రెండు వైపులా ముత్యాల షాపులే. ఫోన్లో ఫొటో చూపించి ముత్యం కొనకండి, ఫోన్ ఏ రంగునూ ఉన్నదున్నట్టు చూపదు. పాత ముత్యాల్లో మూడు తీసుకెళ్లండి. పెద్దదొకటి, నడిమి సైజుదొకటి, చిన్నదొకటి. మిగతా దండ ఇంట్లోనే ఉండనీయండి.

షాపులో పసుపు లైట్ల కింద అన్నీ ఒకేలా మెరుస్తాయి. “ఒక్క నిమిషం భయ్యా” అని గుమ్మం దగ్గరి పగటి వెలుతురులోకి వచ్చి, తెల్లకాగితం మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన దొర్లించండి. ముందు మెరుపు చూడండి. కిటికీ ప్రతిబింబం దాని మీద ఎంత స్పష్టంగా కనబడుతుందో రెండింటిలోనూ పోల్చుకోండి. తర్వాత చాయ. తెలుపులో గులాబీ ఉందా, పచ్చదనం ఉందా, మీగడ రంగు ఉందా అనేది. సైజు ఆ తర్వాతే. సైజులో కొంచెం తేడా కంటికి తగలదు, మెరుపులో తేడా మాత్రం పది అడుగుల దూరం నుంచే తెలుస్తుంది. ఇప్పుడు వచ్చేవి చాలావరకు చైనా మంచినీటి ముత్యాలు, తెల్లగా బ్లీచ్ చేసినవి. పాత పేటలో అవి పాత చీరకు కొత్త అంచు కుట్టినట్టు ఉంటాయి. బాగా తెల్లనివి పక్కన పెట్టి, మీగడ రంగు లైన్ (దారానికి గుచ్చి అమ్మే వరుస) ఉందా అని అడగండి. విడిగా ఐదే ఇవ్వమంటే కొందరు ఇవ్వరు. చిన్న లైన్ మొత్తం తీసుకోవడమే నయం, మిగిలినవి రేపు మళ్లీ పనికొస్తాయి. కొత్తవాటిని టీ డికాక్షన్‌లో నానబెట్టి పాత రంగు తెప్పిద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి.

కొత్తవి ఎక్కడ పెట్టాలి? వెనక, కొక్కెం దగ్గర, కొప్పు కింద. ఒకే సైజు దండలో ఇది తేలిక. వెనకవి ముందుకు జరిపి కొత్తవి వెనక చేరిస్తే సరి. దిగుడు సైజులో అలా కుదరదు, ఎందుకంటే వెనక ఉన్నవి చిన్నవి. రెండు పేటల దండ కాబట్టి మాకు ఒక దారి దొరికింది. లోపలి పేట కూడా దారం పాతబడిందని ఎలాగూ విప్పాం. దాని వెనక భాగంలో ఐదు మిల్లీమీటర్లవి ఉన్నాయి. అందులోంచి మూడు తీసి బయటి పేటలో జతలు కలిపి, లోపలి పేట వెనక మూడు కొత్తవి పెట్టాం. బయటి పేట కొసలకు మిగిలిన రెండు చిన్నవి. ముందు నుంచి చూస్తే కనబడేవన్నీ పాత ముత్యాలే.

దారం పట్టుదే వాడండి. ముత్యాలు గుచ్చే పట్టుదారం పురి ఎక్కించి, కార్డుకు చుట్టి, కొసకు సన్నటి తీగ సూదితో వస్తుంది. నారాయణపేట, గద్వాల వైపు చుట్టాలున్నవాళ్లు నేత ఇళ్ల నుంచి పట్టు తెచ్చి ఇది వాడమంటారు. చీర నేసే పోగు సన్నం, పురి తక్కువ, రంధ్రం అంచుకు రాసుకుని పీచులు లేస్తుంది. తంగూసు దారం అసలే వద్దు. అది బిరుసు, ముడి నిలవదు, మెడ మీద దండ ఒదిగి కూర్చోదు. రెండు పోగులుగా రంధ్రంలో కొంచెం బిగుతుగా పట్టే సైజు తీసుకోండి. 16 అంగుళాల పేటకు రెండు మీటర్లు చాలు. ముందురోజు రాత్రి దారానికి తాళాల గుత్తి కట్టి వేలాడదీయండి, తర్వాత అంతగా సాగదు. పాత ముత్యాల్లో కొన్నింటికి రంధ్రం మరీ సన్నగా ఉంటుంది. ఇంట్లో పెద్దది చేయబోకండి, పగులుతుంది. ముత్యాలకు రంధ్రాలు వేసేవాళ్ల దగ్గర చేయించుకోవాలి.

ముడి వేసే పద్ధతి ఇది. ముత్యాన్ని కిందికి జరిపి, దారాన్ని ఎడమచేతి రెండు వేళ్ల చుట్టూ వదులుగా ఒక చుట్టు తిప్పండి. అప్పటిదాకా గుచ్చిన వరుస మొత్తాన్నీ ఆ చుట్టులోంచి కిందికి వదలండి. ఇప్పుడు వదులు ముడి ఒకటి పడింది. అందులో పెద్ద సూది దూర్చి, సూదితోనే ముడిని ముత్యం దాకా నెట్టుకుంటూ పోండి. ముత్యానికి ఆనగానే సూది తీసేసి, రెండు పోగులను విడదీసి చెరో వైపుకు లాగండి. ముడి ఇంకొంచెం కిందికి దిగి ముత్యాన్ని పట్టుకుంటుంది. ముడి రంధ్రంలోకి జారిపోతుంటే దారం సన్నమైందని అర్థం, అక్కడే ఆపి మందం మార్చండి. ముడులుంటే దండ తెగినా కింద పడేది ఒక్క ముత్యమే. ముత్యానికి ముత్యం ఒరుసుకోవడం కూడా ఉండదు. బియ్యపు గింజల్లాంటి సన్న ముత్యాలకు ప్రతిదానికీ ముడి కుదరదు, ఐదింటికొకటి వేయండి.

కొసల్లో దారం నేరుగా కొక్కేనికి తగిలితే అక్కడే మొదట తెగుతుంది. అందుకే సన్న స్ప్రింగు లాంటి తీగ ముక్క, సెంటీమీటర్ కంటే తక్కువే, దారానికి తొడిగి, దాన్ని కొక్కెం కడియంలోంచి వంచి, సూదిని చివరి ముత్యంలోంచి వెనక్కి తీసి ముడి వేయాలి. తర్వాతి ముత్యంలోంచి కూడా తీసి ఇంకో ముడి వేసి కత్తిరించండి. మగ్గం వర్క్ జర్దోసీ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ చెమటకు నల్లబడుతుంది. వెండి మీద బంగారు పూత ఉన్నది అడగండి. ఇన్‌స్టంట్ గమ్ము పెట్టకండి, దారం గట్టిపడి పుటుక్కున విరుగుతుంది.

కొక్కెం పాతదే ఉంచుకోండి. అరిగి ఉంటే ఔసలాయన (కంసాలి) దగ్గర అతికించుకోవచ్చు, కానీ ముత్యాలు విప్పిన తర్వాతే ఇవ్వండి. మంట, తేజాబు (యాసిడ్) రెండూ ముత్యానికి పడవు. మొత్తం దండే ఎవరికైనా గుచ్చమని ఇస్తే, వాళ్ల ముందే ముత్యాలు లెక్కపెట్టి, బరువు తూయించి, చీటీ రాయించుకోండి. తెలిసినవాళ్లే అయినా సరే, మొహమాటం వద్దు.

పెట్టుకునేటప్పుడు సెంటు, పౌడరు, హెయిర్ స్ప్రే అయ్యాక చివర్న పెట్టుకోవాలి. తీసేటప్పుడు తడిగుడ్డతో తుడిచి, ఆరాక మెత్తని గుడ్డ సంచిలో పడుకోబెట్టాలి. వేలాడదీస్తే దారం సాగుతుంది, గాలాడని ప్లాస్టిక్ కవర్లో ఏళ్ల తరబడి లాకర్లో పెడితే ముత్యం ఎండిపోతుంది. పెళ్లిళ్లలో పసుపు అంటితే ఇంటికొచ్చేదాకా ఆగకుండా అక్కడే తుడిచేయండి. తరచూ వేసుకునే దండకు రెండేళ్లకోసారి దారం మార్చాలి. ముడుల దగ్గర దారం నల్లబడ్డా, ముత్యం అటూ ఇటూ కదులుతున్నా అంతదాకా ఆగనక్కర్లేదు.

మిగిలిన కొత్త ముత్యాలు, పాత దారం, కొలతలు రాసిన కాగితం ఒక చిన్న డబ్బాలో వేసి దండతోపాటే ఉంచండి. ఏవి కొత్తవో, ఎక్కడున్నాయో కూడా ఆ కాగితం మీద రాయండి. రేపు దాన్ని విప్పేది మీ కోడలో మనవరాలో అయితే, మళ్లీ మొదటి నుంచీ కొలుచుకునే పని తప్పుతుంది.