పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు కెమెరా నంబర్లు చక్కబెట్టుకోండి

పుష్యమాసమో మూఢమో నడుస్తున్నప్పుడు లెన్సులు తుడుచుకుంటాం, ఫ్లాష్ రిపేరుకు ఇస్తాం, కొత్త బ్యాటరీలు కొంటాం. ఫైల్ నంబర్ల సెట్టింగు జోలికి మాత్రం ఎవరూ పోరు. తీరా సీజన్ అయ్యాక పెళ్లివారితో వచ్చే పేచీల్లో సగం అక్కడే పుడతాయి. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకునేది వాళ్లు. వాళ్లు వాట్సాప్‌లో పంపేది నంబర్లు. "2345, 2351, 2360 వేయండి బాబూ" అని పెళ్లికూతురి నాన్నగారు పంపారు. మీ హార్డ్ డిస్కులో 2345లు రెండున్నాయి. ఒకటి తలంబ్రాలు, ఇంకోటి గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న వంటమేస్త్రి. డిజైనర్ చేతికి ఏది వెళ్తుందో దేవుడికే ఎరుక. ఒక పెళ్లిలో ఒక నంబరుకు ఒకే ఫొటో ఉండాలి. మిగతా జాగ్రత్తలన్నీ దానికోసమే.

ముందు నంబర్ల లెక్క చూద్దాం. కార్డులో ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు ఎలా ఉండాలో చెప్పే, 1998లో జపాన్‌లో తయారైన డీసీఎఫ్ అనే పద్ధతినే కెమెరా కంపెనీలు నేటికీ పాటిస్తున్నాయి. కార్డులో డీసీఐఎం అనే ఫోల్డర్, దాని లోపల 100 నుంచి 999 దాకా అంకెతో మొదలయ్యే ఫోల్డర్లు, వాటిలో ఫొటోలు. ఫైలు పేరులో చివర వచ్చేవి నాలుగంకెలే కాబట్టి 9999 తర్వాత మళ్లీ 0001 వస్తుంది. ఒక్కో కెమెరా మీద మూడు నాలుగు వేల ఫొటోలు తీసే పెళ్లిళ్లలో మూడో పెళ్లికల్లా ఈ చుట్టు తిరిగిపోతుంది. అది సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకే తిరిగిందనుకోండి, పేరు వరుసలో చూస్తే మాంగల్యధారణ ముందు, పెళ్లికొడుకు మండపానికి రావడం తర్వాత కనిపిస్తాయి. కంగారు పడకండి, ఫొటోలు ఎక్కడికీ పోలేదు. తీసిన సమయం ప్రకారం వరుస పెట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మెనూలోకి వెళ్లండి. కెనాన్‌లో 'ఫైల్ నంబరింగ్' కింద కంటిన్యువస్, ఆటో రీసెట్ అని ఉంటాయి. కంటిన్యువస్ పెట్టండి. నికాన్‌లో 'ఫైల్ నంబర్ సీక్వెన్స్' ఆన్‌లో ఉండాలి. సోనీలో సిరీస్. ఇవి కాకుండా రెండోది ఎంచుకుంటే కార్డు మార్చినప్పుడో, ఫార్మాట్ చేసినప్పుడో మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. నాలుగు కార్డులు వాడిన పెళ్లికి నాలుగు 0001లు తయారవుతాయి. అరువు కార్డు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పాత ఫొటోలున్న కార్డు పెడితే, కంటిన్యువస్‌లో ఉన్నా కెమెరా ఆ కార్డులోని పెద్ద నంబరును పట్టుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టవచ్చు. అందుకే పక్క ఫొటోగ్రాఫర్ దగ్గర కార్డు తీసుకుంటే, అతని ఫొటోలు కాపీ అయ్యాయని అతని నోటితో అనిపించుకుని, మీ కెమెరాలో ఫార్మాట్ చేసి, ఆ తర్వాతే వాడండి.

క్యాండిడ్‌కొకటి, ట్రెడిషనల్‌కొకటి అని రెండు కెమెరాలు తిరిగే పెళ్లిలో ఈ సెట్టింగు ఒక్కటే చాలదు. ఒకే కంపెనీవైతే రెండింటి పేర్లూ ఒకేలా మొదలవుతాయి. నికాన్, సోనీల్లో చాలా మోడళ్లు ఫైలు పేరులోని డీఎస్‌సీ అనే మూడక్షరాలను మార్చుకోనిస్తాయి. కెనాన్ పై స్థాయి మోడళ్లలోనూ ఆ వీలుంది. మీ కెమెరాకు ఏ1ఏ, తమ్ముడి కెమెరాకు బీ1బీ అని ఏదో ఒకటి పెట్టేయండి. అందం అక్కర్లేదు, తేడా తెలిస్తే చాలు.

గడియారం సంగతి చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో నంబర్ల కన్నా ముఖ్యమైనది అదే. రెండు కెమెరాల ఫొటోలను ఒక వరుసలో కలిపేది సమయమే. పెళ్లి రోజు పొద్దున అన్ని కెమెరాలనూ ఒకే ఫోను పక్కన పెట్టి సెకన్లతో సహా సరిచేయండి. డాలస్ నుంచి వచ్చిన చుట్టాలబ్బాయి కూడా తన కెమెరాతో తీస్తానంటే ముందు అతని గడియారం చూడండి. చలికాలంలో అది మన టైముకు పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. తర్వాత తెలిసినా ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో 'ఎడిట్ క్యాప్చర్ టైమ్'తో జరపవచ్చు గానీ, తేడా ఎంతో కచ్చితంగా తెలియాలి.

మన ముహూర్తాలు చాలావరకు రాత్రివేళే కదా. సోనీలో ఫోల్డర్ పేరుకు 'డేట్ ఫార్మ్' పెట్టి ఉంటే, అర్ధరాత్రి దాటగానే కొత్త ఫోల్డర్ పుడుతుంది. 2027 ఫిబ్రవరి 20న 10070220 అనే ఫోల్డర్ ఉంటే, పన్నెండు దాటాక 10170221. ఎదురుకోలు ఒకదాంట్లో, తాళి ఇంకోదాంట్లో. నిద్రమత్తులో ఉన్న అసిస్టెంటు ఒక ఫోల్డర్ కాపీ చేసి అయిపోయిందనుకుంటాడు. పెళ్లి పనికి 'స్టాండర్డ్ ఫార్మ్' మేలు. వీడియో కూడా తీసేవారికి ఇంకొక మాట. సోనీలో ఎక్స్‌ఏవీసీ అనే రకం వీడియోలు డీసీఐఎంలో ఉండవు, ప్రైవేట్ అనే ఫోల్డర్ లోపల ఎం4రూట్‌లో ఉంటాయి. డీసీఐఎం మాత్రమే కాపీ చేసి కార్డు ఫార్మాట్ కొడితే అప్పగింతల వీడియో గోవిందా. కార్డులో ఉన్నదంతా కాపీ చేయడమే అలవాటు చేసుకోండి.

కాపీ చేసేటప్పుడు ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డర్: పెళ్లివారి ఇంటిపేరు, తేదీ, కెమెరా, కార్డు నంబరు. కంప్యూటర్ 'ఇదే పేరుతో ఫైలు ఉంది, రీప్లేస్ చేయనా' అని అడిగిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే. ఎస్ నొక్కకండి, స్కిప్ కూడా నొక్కకండి. కాపీ ఆపి కొత్త ఫోల్డర్ తెరవండి. కార్డులోపల ఉండగా పేర్లు మార్చడం, ఫోల్డర్లు జరపడం వద్దు. మార్చిన ఫొటోలను కెమెరా చూపించకపోవచ్చు.

అన్నీ ఒకచోట చేరాక, సమయం వరుసలో పెట్టి, ఇంటిపేరు ముందు తగిలించి 00001 నుంచి కొత్త నంబర్లు ఇవ్వండి. ఒకే ఫొటోను రా (ప్రాసెస్ చేయని ఫైలు), జేపెగ్ రెండుగా తీసి ఉంటే జంటగానే మారాలి. ఇది పెళ్లివారికి ఫొటోలు పంపకముందే జరగాలి. వాళ్లు సెలెక్షన్ మొదలుపెట్టాక నంబరు ముట్టుకోకండి.

చివరగా, అరుదుగా ఎదురైనా పని మొత్తం ఆపేసేది ఒకటుంది. ఫోల్డర్ 999కి చేరి, ఫైలు 9999 అయితే కార్డులో ఎంత ఖాళీ ఉన్నా షట్టర్ పడదు. ఎవరో కంప్యూటర్‌లో 999తో ఫోల్డర్ చేసిన కార్డు వాడితే ఇది కొత్త కెమెరాకూ రావచ్చు. ఫొటోలు కాపీ చేసుకుని, కార్డు ఫార్మాట్ చేసి, మెనూలో ఫైల్ నంబర్ రీసెట్ కొడితే మామూలవుతుంది. మండపంలో అంత తీరిక దొరకదు కాబట్టి ఒక ఖాళీ కార్డు జేబులో ఉంచుకోండి. ఫోల్డర్ నంబరు ఎంతదాకా వచ్చిందో ఈ వారమే చూసుకోండి.