త్రీడీ జోట్రోప్‌లో బంతి నేలకు అతుక్కుపోతుంటే

తిరిగే పళ్లెం మీద 18 బంతులు పేర్చి, స్ట్రోబ్ వెలుగులో (వేగంగా మెరిసి ఆరే దీపం) ప్రతి చోటా ఒక్కో బంతి ఎగిరి పడుతున్నట్టు చూపించే శిల్పం ఇది. త్రీడీ ప్రింట్ తీసి తిప్పితే, బంతి నేలను తాకిన ప్రతిసారీ కాస్త ఆగిపోతోంది.

లోపం క్యాడ్‌లో (కంప్యూటర్‌లో నమూనా గీసే సాఫ్ట్‌వేర్) బంతుల ఎత్తుకు ఇచ్చిన సూత్రానిది. 180 డిగ్రీలను 17తో భాగించడంతో మొదటి బంతి, చివరి బంతి రెండూ నేల మీదే ఉన్నాయి. పళ్లెం గుండ్రం కదా, అవి పక్కపక్కనే పడి ఒకే భంగిమ రెండు ఫ్రేములు కనిపిస్తుంది. భాగించాల్సింది 18తో: ఒక్కో బంతికి 10 డిగ్రీలు. ఎత్తు = 60 మి.మీ. × ఆ కోణపు సైన్, క్రమసంఖ్య 0 నుంచి 17 వరకు. ఆగడం పూర్తిగా పోయింది.

నేల తాకే బంతిని నొక్కినప్పుడు నిలువు స్కేల్ 0.7 అయితే అడ్డం రెండు వైపులా 1.195 ఇవ్వాలి. అప్పుడే ఘనపరిమాణం మారదు. లేదంటే బంతి నలిగినట్టు కాక కుంచించుకుపోయినట్టు ఉంటుంది. స్కేల్ బిందువు (సైజు మార్చినా కదలని చోటు) బంతి మధ్యలో ఉంటే 20 మి.మీ. బంతి 3 మి.మీ. గాల్లో తేలుతుంది. బిందువును అడుగుకు మార్చాను.

నిమిషానికి 60 చుట్లకు సెకనుకు 18 మెరుపులు కావాలి. 150 మి.మీ. వ్యాసార్థం దగ్గర 1 మిల్లీసెకను మెరుపు దాదాపు 1 మి.మీ. మసక తెస్తుంది, 0.3 మిల్లీసెకనుకు దించితే అంచులు తేటపడతాయి. ఈ వేగంలో మెరుపులు కొందరికి మూర్ఛ తెప్పించగలవు, ప్రదర్శన ముందు హెచ్చరిక తప్పకుండా పెట్టండి.