నవల చదివే విద్య – 4వ పాఠం: వస్తువు వెంట వెళ్లడం

కిందటి పాఠంలో పాత్రల మాటతీరు చూశాం. ఈసారి వాళ్ల చేతుల్లోని వస్తువులను గమనిద్దాం. ఇందుకు విలియం గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ (1954) తీసుకుందాం. యుద్ధకాలంలో విమానం కూలి, పెద్దవాళ్లెవరూ లేని దీవిలో చిక్కుకున్న ఇంగ్లీషు బడిపిల్లల కథ ఇది. గోల్డింగ్ బడిపంతులు, రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసినవాడు. పిల్లల గురించి ఆయనకు భ్రమలు లేవు.

శంఖమంటే ప్రజాస్వామ్యం, కళ్లద్దాలంటే విజ్ఞానం అని పరీక్షల గైడ్లు తేల్చేస్తాయి. అలా తేల్చేశాక ఇక నవల చదవాల్సిన పనేముంది? మీరు ఒక నోటుపుస్తకం తీసుకోండి. వస్తువు కనిపించిన ప్రతిసారీ అది ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరు లెక్కచేస్తున్నారు, దాని రూపంలో ఏం మారింది అని రాసుకోండి.

శంఖంతో మొదలుపెడదాం. దాన్ని నీళ్లలోంచి తీసింది, పిల్లలు నాయకుడిగా ఎన్నుకునే రాల్ఫ్. ఊదడం ఎలాగో తెలిసింది కళ్లద్దాల పిల్లవాడు పిగ్గీకి, కానీ అతనికి ఉబ్బసం. రెండో అధ్యాయంలో శంఖం పట్టుకున్నవాడే మాట్లాడాలన్న నియమం పుడుతుంది. అదే అధ్యాయంలో, కొండ మీద శంఖం చెల్లదని వేటగాళ్ల నాయకుడు జాక్ అనేస్తాడు. ఈ వాక్యం కింద గీత గీయండి. మొదట లేత గులాబీ ఛాయతో మెరిసిన శంఖం అయిదో అధ్యాయానికి ఎండకు వెలిసి దాదాపు తెల్లబడుతుంది. పదకొండో అధ్యాయంలో పిగ్గీ చేతుల్లోనే ముక్కలవుతుంది. అప్పటికే దాన్ని లెక్కచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గవ్వకు బీట పడకముందే నియమం పోయింది.

నాకు శంఖం కంటే రాళ్లంటే ఎక్కువ ఆసక్తి. గైడ్లు వీటిని పెద్దగా పట్టించుకోవు. మొదటి అధ్యాయంలో ముగ్గురు పిల్లలు సరదాకి ఒక బండను అడవిలోకి దొర్లిస్తారు. నాలుగో అధ్యాయంలో రోజర్ అనే పెద్ద పిల్లవాడు నీటి ఒడ్డున ఆడుకుంటున్న చిన్న పిల్లవాడు హెన్రీ మీదికి రాళ్లు విసురుతాడు, కానీ కావాలనే గురి తప్పిస్తాడు. హెన్రీ చుట్టూ సుమారు ఆరు గజాల మేర ఒక్క రాయీ పడదు. తల్లిదండ్రులు, బడి, పోలీసులు, చట్టం అక్కడ లేకపోయినా, ఆ చెయ్యిని ఇంకా పట్టి ఆపుతున్నాయి. పదకొండో అధ్యాయంలోనూ రోజర్ మొదట శామ్, ఎరిక్ అనే కవలల మధ్యకు ఒక చిన్న రాయి, తగలకుండా విసురుతాడు. ఆ తర్వాతే పెద్ద బండను దొర్లిస్తాడు, పిగ్గీ చనిపోతాడు. ఈ మూడు ఘట్టాలనూ ఒకే కూర్చోవడంలో వరసగా చదివి చూడండి. నాగరికత గురించి పేజీలకొద్దీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

కళ్లద్దాల దగ్గర ఒక చిక్కుంది. నవలలో పిల్లలు పిగ్గీ కళ్లద్దాలతోనే నిప్పు పుట్టిస్తారు. కానీ హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించడం) ఉన్న పిగ్గీ వాడేది పుటాకార కటకం, అంటే మధ్యలో పలచగా ఉండి వెలుతురును చెదరగొట్టే అద్దం. దానితో ఎండను ఒకచోట చేర్చి నిప్పు పుట్టించడం కుదరదు. భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు నవ్వుకోవచ్చు, కథ మాత్రం నడుస్తుంది.

అభ్యాసం: నిప్పు వెంట వెళ్లండి. నాలుగో అధ్యాయంలో ఓడ కనిపించినప్పుడు మంట ఎందుకు ఆరి ఉంది? చివరి అధ్యాయంలో అడవికి నిప్పు పెట్టింది ఎవరు, ఎవరిని పట్టుకోవడానికి? ఆ పక్కనే, నౌకాధికారి దేన్ని చూసి వచ్చాడో రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచి.