గాలివాటం ఎటు, పడమటి గాలి ఎటు?

మా పరకాల వైపు ఊళ్లల్లో కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. ములుగు వదిన అంటే ములుగు నుంచి వచ్చిన వదిన, ములుగు పోయే బస్సు లెక్క కాదు. గాలి పేరూ అంతే. పడమటి గాలి పడమర నుంచి వస్తుంది, జూన్ మొదట్లో కేరళను తాకి ఆ తర్వాత మన దాకా వచ్చే నైరుతి రుతుపవనాలు కూడా నైరుతి నుంచి వచ్చేవే.

గాలివాటం మాత్రం దీనికి రివర్స్. వాటం అంటే ఒరుగు, మొగ్గు. బాత్రూమ్ బండలు వేసేటప్పుడు మేస్త్రీ చూసే నీళ్లవాటం, ఎడమచేతి వాటం, అన్నిట్లో అదే మాట. కాబట్టి గాలి పోయే వైపే గాలివాటం. పడమటి గాలి వీస్తే వాటం తూర్పుకు.

నేను ఫోన్‌లో పడమటి గాలి అని చూసి, పడమరకు పోతుందిలే అనుకుని పత్తికి మందు కొట్టిన, అదంతా తూర్పున ఉన్న కాక బెండతోట మీద పడ్డది. "ఏందిరా, నా బెండకు సుత కొడ్తున్నవా?" అన్నాడు. ఆ వారం కాయ తెంపలేదు పాపం.

చూసుకోవడం సులువే. పిడికెడు పొడిమట్టి నడుము ఎత్తు నుంచి వదలండి, దుమ్ము ఎటు వాలితే అటు గాలివాటం. మట్టి తడిగా ఉంటే తల మెల్లగా తిప్పండి, గాలి ముఖానికి తగులుతూ రెండు చెవుల్లో దాని చప్పుడు ఒక్కతీరుగా వినపడ్డప్పుడు మీ ముక్కు ఎటుందో గాలి అటు నుంచి వస్తోంది. ఫోన్‌లో డిగ్రీలుంటే 90 తూర్పు, 180 దక్షిణం, 225 నైరుతి, 270 పడమర, అన్నీ గాలి వచ్చే దిక్కులే. బాణం గుర్తు మాత్రం చాలా యాప్‌లలో పోయే వైపు చూపిస్తుంది.

పడమటి గాలికి మందు కొట్టాలంటే తూర్పు గట్టు దగ్గర మొదలుపెట్టి, సాళ్లు ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ, ఒక్కో సాలు పడమరకు జరగాలి. అప్పుడు తుంపర కొట్టేసిన సాళ్ల మీద పడుతుంది, మీ ముఖం మీద కాదు. గాలి ఎక్కువైతే ఆపేయడమే.

మాటల్లో వాడేటప్పుడు "గాలివాటం నైరుతి" అని వదిలేయొద్దు, నైరుతికా, నైరుతి నుంచా అని అవతలివాళ్లు మళ్లీ అడుగుతారు. "నైరుతికి" అని కి తగిలించండి. ఇక ఎవరైనా "వాడు గాలివాటంగా గెలిచాడు" అంటే మట్టి ఎగరేసి చూడక్కర్లేదు, సొంత బలం లేదు, ఊపులో కొట్టుకొచ్చాడని అర్థం.