రేడియోలో లైవ్‌గా పాడుతూ ఆల్బమ్ గురించి మాట్లాడడం ఎలా?

ముందు సామాను. గిటారు తీగలు మార్చాలనుంటే ముందురోజే మార్చండి. అప్పటికప్పుడు వేసిన తీగ సాగి, పాట మధ్యలో శృతి తప్పుతుంది. ట్యూనర్, ఒక కేబుల్, మంచినీళ్ళు చాలు. గిటారు ధ్వనిని కాలితో మార్చే పెడల్ బోర్డు ఇంట్లోనే ఉంచండి. రెండు పాటలు సిద్ధం చేసుకుని, సమయం మిగిలితే పాడడానికి మూడోది చేతిలో ఉంచుకోండి. పాటల పేర్లు, నిడివి, బృందం పేర్లు ఎలా పలకాలో ఒక్క పేజీలో రాసి యాంకర్‌కు ముందే పంపండి. మొత్తం ఆల్బమ్ వినే తీరిక వాళ్ళకు ఉండకపోవచ్చు.

స్టూడియోకు గంట ముందు చేరండి. మైకు లెవెల్, అంటే శబ్దం ఎంత ఉండాలో, చూసేటప్పుడు చాలామంది "హలో, వన్, టూ" అని గొణిగి ఊరుకుంటారు. ఇంజినీరు ఆ గొంతుకే లెవెల్ కుదురుస్తారు. తీరా లైవ్‌లో పల్లవి ఎత్తుకోగానే శబ్దం పగిలిపోతుంది. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చోటే వినిపించండి, అదీ పూర్తి గొంతుతో.

ఇక మైకుల దగ్గరికి వద్దాం. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే.

గిటారు వాయిస్తూ పాడేవారి ముందు రెండు మైకులుంటాయి, ఒకటి గొంతుకు, ఒకటి గిటారుకు. గొంతు రెండింటిలోనూ పడుతుంది, గిటారు కూడా అంతే. ఒకే శబ్దం రెండు మైకులకు కొంచెం సమయం తేడాతో చేరుతుంది కాబట్టి, రెంటినీ కలిపినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు డొల్లగా, డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. మిక్సర్‌లో ఒక మైకు శబ్దాన్ని ఎడమకు, రెండోదాన్ని కుడికి పంపితే స్టీరియో హెడ్‌ఫోన్స్‌లో ఈ లోపం అంతగా తెలియదు. సిగ్నల్ బలహీనపడినప్పుడు కారు రేడియో ఎడమ, కుడి శబ్దాలను ఒకటిగా కలిపేసే మోనోకు మారుతుంది, అప్పుడు బయటపడుతుంది. అందుకే లైవ్‌కు ముందు ఒకసారి మోనోలో వినిపించమని అడగండి. మొహమాటపడకండి.

మైకులు పెట్టడానికి లెక్క ఉంది. మైకు నుంచి శబ్దం పుట్టే చోటుకు ఎంత దూరమో, రెండు మైకుల మధ్య దానికి కనీసం 3 రెట్లు ఉండాలి. గిటారుకు 15 సెంటీమీటర్లలో మైకు పెడితే, గొంతు మైకు ఆ గిటారు మైకుకు 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కార్డియాయిడ్ మైకు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం, వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువ పట్టుకుంటుంది. కాబట్టి గొంతు మైకును నోటి కింద నుంచి పైకి వంచి, దాని వీపు గిటారు వైపు తిప్పండి. గిటారు మైకును 12వ ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డుపట్టీ) వైపు, కొంచెం కిందికి వంచి పెట్టండి. గిటారు పొట్ట మీది రంధ్రానికి, అంటే సౌండ్ హోల్‌కు, ఎదురుగా మాత్రం వద్దు, మంద్రం హోరెత్తి మాట మింగేస్తుంది. ఇలా అమర్చాక కదలకూడదు, అందుకే కూర్చునే పాడాలి. నిలబడి ఊగుతూ పాడేవారికి ఏ ఇంజినీరూ సాయం చేయలేరు.

గిటారుకు మైకు బదులు, దానికే అమర్చిన పికప్ నుంచి కేబుల్‌తో నేరుగా లైన్ ఇచ్చేస్తే ఈ గొడవే ఉండదని కొందరంటారు. ఉండదు నిజమే, కానీ తీగల అదురును పట్టే పియెజో పికప్ ధ్వని గీరినట్టు, పలచగా ఉంటుంది. దాని మీద, హెచ్చుతగ్గులను సమం చేసే స్టేషన్ కంప్రెసర్ పనిచేస్తే ఆ గీరుడు ఇంకా పైకొస్తుంది. చెక్క పలుకు కావాలంటే మైకే.

మాటలకు వేరే మైకు అడగండి. మాటకు నోరు మైకుకు దగ్గరగా, బెత్తెడు దూరంలో ఉండాలి. అంత దగ్గర నుంచి పాడితే మంద్రం ఉబ్బిపోతుంది. ఒకే మైకుతో రెండూ నెగ్గుకొద్దామనుకుంటే, మాట నుంచి పాటలోకి వెళ్ళే ఆ క్షణంలోనే తొలి పంక్తి పోతుంది. పది నిమిషాల కబుర్లలో ఏసీ చలికి శృతి కూడా మారుతుంది. యాంకర్ పాటను పరిచయం చేస్తున్నప్పుడు గిటారు మైకు ఫేడరు (శబ్దం పెంచి తగ్గించే మీట) దించి ఉంచమని ఇంజినీరుతో ముందే మాట్లాడుకుని, ఆ లోపు ట్యూనర్ చూసుకోండి.

సంభాషణ సులువు. ఒక్కో పాటకు ఒక్క సంగతి చెప్పండి: ఆ చరణం ఎందుకు మార్చారు, ఆ వేణువు ఎందుకు తెచ్చారు. "ఇందాక చెప్పినట్టు" అనకండి, ఇప్పుడే రేడియో పెట్టినవారికి ఆ ఇందాక లేదు. ఆల్బమ్ పేరు కనీసం మూడుసార్లు, ఎక్కడ దొరుకుతుందో ఒకసారి చెప్పండి. చివరి తీగ మోత పూర్తిగా ఆగి, మైకు ఆన్‌లో ఉందని చెప్పే ఎర్ర లైటు ఆరేదాకా గిటారు కింద పెట్టకండి.