గల్ఫ్‌కు కొత్తగా వెళ్తున్నవాళ్లకు: రూమే ఇక మీ వాడకట్టు

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్ వైపు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు లేదు. వెళ్లేముందు ఏం సర్దుకోవాలో, ఏ పచ్చడి ఎన్ని రోజులు నిలువ ఉంటుందో చెప్పేవాళ్లు ప్రతి గల్లీలో ఉన్నారు. నేను దుబాయిలో, ఆ తర్వాత సౌదీలో పనిచేసి వచ్చినవాణ్ని. నేను రాస్తున్నది వేరే సంగతి. అక్కడ ఆపతి వస్తే మీ పక్కన ఎవరుంటారు, మీరు ఎవరి పక్కన నిలబడాలి, ఎలాంటి సాయం పనికొస్తుంది, ఏ సాయం ఇద్దరినీ ముంచుతుంది. వెళ్లేముందు ఇవి ఎవరూ చెప్పరు.

ఊళ్లో జ్వరమొస్తే పక్కింటి పెద్దమ్మ గంజి కాచి తెస్తుంది. రాత్రి నొప్పి లేస్తే ఎవరో ఒకరు బండి తీస్తారు. కంపెనీలు కార్మికులను ఉంచే క్యాంపులో ఒక్కో రూంలో ఆరుగురో ఎనిమిది మందో ఉంటారు. ఒకరిది డే డ్యూటీ, ఇంకొకరిది నైట్. పై బెడ్డు మీద పడుకునే మనిషితో వారం గడిచినా నాలుగు మాటలు పడవు. అతను నేపాలీ కావచ్చు, బిహారీ కావచ్చు, మలయాళీ కావచ్చు. కానీ అర్ధరాత్రి మీకు గుండెల్లో నొప్పి వస్తే ఫోన్ చేయాల్సింది అతనే. మన ఊరోళ్లు ఎక్కడున్నారో వెతుక్కోండి, తప్పు లేదు. అయితే ముందు మీ రూంలో ఎవరున్నారో, ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి షుగర్ ఉందో, ఎవరికి బీపీ ఉందో తెలుసుకోండి.

దిగిన వారంలో చేయాల్సినవి

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఇన్సూరెన్స్ పాలసీ, వీటి జిరాక్స్ మూడు సెట్లు తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి మీ బ్యాగులో, ఒకటి రూంలో నమ్మకమున్న మనిషి దగ్గర. ఫోన్‌లో ఫొటోలున్నాయి కదా అనుకోవద్దు. మీరు స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉంటే మీ ఫోన్ లాక్ ఎవరు తీస్తారు? ఒక కాగితం మీద ఇంటి నంబరు, ఊళ్లో ఇంకొకరి నంబరు, బ్లడ్ గ్రూపు, మీరు వేసుకునే గోలీల పేర్లు ఇంగ్లీషులో రాసి అల్మారా తలుపుకు లోపలివైపు అతికించండి. రూంలో అందరి చేతా అలాగే రాయించండి.

అత్యవసర నంబర్లు గోడ మీద ఉండాలి. యూఏఈలో అంబులెన్స్ 998, పోలీసు 999. సౌదీలో అంబులెన్స్ 997. కువైట్‌లో అన్నిటికీ 112. ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. యూఏఈలో భారతీయ కార్మికుల కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ నంబరు 80046342.

రూంలో కరెంటు సంగతి కూడా అందరి బాధ్యతే. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులున్న బిల్డింగ్ కాలి మనవాళ్లు, అంటే భారతీయులే కనీసం 45 మంది చనిపోయారు. ఎక్కువ మందిని బలిగొన్నది పొగే. ఒకే ప్లగ్గుకు నాలుగు వైర్లు, మెట్ల దారిలో పరుపులు, సైకిళ్లు కనిపిస్తే పక్క రూంవాళ్లదే అయినా ఊరుకోకండి. చలికాలంలో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే పెట్టనివ్వొద్దు. నిద్రలోనే ప్రాణాలు పోతాయి.

మెస్ పుస్తకం

ఎవరి పరిస్థితి ఎలా ఉందో రూంలో అన్నిటికంటే ముందు చెప్పేది మెస్ లెక్క. మా రూంలో గోడకు మేకు కొట్టి వేలాడదీసిన పొడుగు నోటుబుక్కు ఉండేది. బియ్యం, నూనె, ఉల్లిగడ్డ, కోడి, ఖుబ్బూస్ (అక్కడి రొట్టె), ఏది ఎవరు తెచ్చారో, ఎంతయిందో అందులో రాసేవాళ్లం. నెలాఖరున కూడి, తలా ఇంత అని పంచుకునేవాళ్లం. రాయికల్ వైపు నుంచి వచ్చిన ఒకతను వరుసగా రెండు నెలలు తన భాగం ఇవ్వలేదు. అతని పేరు ఎదుట ఎర్ర పెన్నుతో బాకీ పడింది. ఎవరూ గట్టిగా అడగలేదు. అయితే కోడికూర వండిన రోజు అతను కడుపులో బాగాలేదని చెప్పి, ఖుబ్బూస్, పెరుగు డబ్బా తెచ్చుకొని బయట మెట్ల మీద కూర్చొని తినేవాడు. రూంలో అంతమందిమి ఉన్నా దాన్ని గమనించింది నిజామాబాద్ అన్న ఒక్కడే. పక్కన కూర్చొని మెల్లగా అడిగితే విషయం బయటపడింది. కంపెనీ జీతం ఆపేసింది. ఇతను విజిట్ వీసా మీద వచ్చి పనిలో చేరిన మనిషి. ఫిర్యాదు చేస్తే తననే పట్టుకుంటారని భయం.

ఆ అన్న అతనికి డబ్బు చేతిలో పెట్టలేదు. వారంలో నాలుగు రోజుల వంట అతనికి అప్పజెప్పాడు. ఇకనుంచి అతని భాగం ఉండదని పుస్తకంలో అందరి ముందే రాశాడు. దాంతో ఆ మనిషి తలెత్తుకొని మా మధ్య కూర్చొని తిన్నాడు. సెలవు రోజు ఇద్దరు వెంట వెళ్లి సహాయ కేంద్రంలో మాట్లాడించారు. రావాల్సిన జీతం మొత్తం చేతికి రాలేదు గానీ పాస్‌పోర్టు దొరికింది, ఇంటికి చేరాడు. అడగలేని మనిషికి ఎలా పెట్టాలో నాకు ఆ అన్నే నేర్పాడు.

జీతం ఆగితే

మొదటి నెల ఆలస్యమైనప్పుడే రాసి పెట్టుకోవడం మొదలుపెట్టండి. ఏ రోజు ఎన్ని గంటలు, ఓటీ (ఓవర్‌టైం) ఎంత, చివరి జీతం ఎప్పుడు పడింది. యూఏఈలో 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారా వేసే పద్ధతి ఉంది కాబట్టి ఆగిన జీతానికి రికార్డు ఉంటుంది. లేబర్ శాఖలో ఫిర్యాదు ఎవరికి వారే ఇవ్వాలి. అయితే ఒక్కడే పోతే కాళ్లు వణుకుతాయి, నలుగురు కలిసి పోతే ధైర్యం వస్తుంది. పని బంద్ పెట్టి గేటు ముందు కూర్చోవడం మాత్రం వద్దు. ఇంటిదగ్గర ధర్నా మన హక్కు కావచ్చు, అక్కడ సమ్మె చేస్తే ఇంటికి పంపేస్తారు. పాస్‌పోర్టు తన దగ్గర దాచుకునే అధికారం యజమానికి లేదు. ఇది రూంలో అందరికీ తెలియాలి.

ఖల్లివెల్లి అయిన మనిషి, అంటే కఫీల్‌ను (వీసా ఇచ్చిన యజమానిని) వదిలి కాగితాలు లేకుండా తిరుగుతున్నవాడు, ఎప్పుడో ఒకప్పుడు మీ తలుపు తడతాడు. మన ఊరోడే కావచ్చు, చుట్టమే కావచ్చు. అన్నం పెట్టండి, ఇంటికి ఫోన్ కలపండి. నెలల తరబడి రూంలో దాచిపెడితే మాత్రం అక్కడి చట్టం మీ మీదికి కూడా వస్తుంది, మీ అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు) కూడా పోతుంది. అతన్ని ఎంబసీకి తీసుకెళ్లి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి వెళ్లేందుకు ఎంబసీ ఇచ్చే కాగితం) పని మొదలుపెట్టించడమే అసలైన సాయం. యూఏఈ 2018లో, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు క్షమాభిక్ష ఇచ్చింది. 2024లో జరిమానా లేకుండా, మళ్లీ రావద్దన్న నిషేధం లేకుండా వెళ్లే అవకాశం దొరికింది. ఇలాంటి కబురు దాక్కున్నవాళ్ల దాకా సులభంగా చేరదు. చేరవేయాల్సింది బయట తిరిగే మనమే.

ఎండ, జ్వరం, మౌనం

కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఎండాకాలమే గండం. ఒంటికి ఆ వేడి అలవాటు కావాలంటే కొన్ని రోజులు పడుతుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. సౌదీలో అవే నెలల్లో 12 నుంచి 3 దాకా. పక్కన పనిచేసేవాడు తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా జవాబులిచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా అది ఒట్టి అలసట అనుకోకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి ఆడనివ్వండి, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. ఫోర్‌మన్ ఏమంటాడోనని ఆగకండి. ఆ కాసేపట్లోనే మనిషి పోతాడు.

అప్పు చేసి వచ్చినవాడి మౌనాన్ని కూడా జబ్బులాగే చూడాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టినవాడికి జీతం సగమే వస్తుంటే నిద్ర ఎలా పడుతుంది? ఇంటి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. సామాను ఇతరులకు ఇచ్చేస్తాడు. తాగుడు పెరుగుతుంది. "అందరికీ ఉన్న టెన్షనే కదా" అని పక్కకు తిరిగి పడుకోకండి. చచ్చిపోవాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, అన్నయ్యకో బావకో ఫోన్ కలపండి, తెల్లారగానే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇక్కడ కుటుంబంవాళ్లు దిగులుతో కుంగిపోతుంటే టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చేయకూడని సాయాలు

సెలవు మీద వచ్చి తిరిగి పోయేటప్పుడు పక్కింటివాళ్లు "మా పిలగానికి ఈ డబ్బా ఇయ్యి బిడ్డా" అంటారు. కాదనడం కష్టం. అయినా ప్రతి డబ్బా విప్పి, మీ చేతులతో మళ్లీ సర్దండి. మన వంటింట్లో మామూలుగా ఉండే గసగసాలు యూఏఈలో, సౌదీలో నిషేధం. మసాలా పొట్లంలో ఒక చెంచా ఉన్నా బ్యాగు మీదైతే కేసు మీదే. నొప్పులకు వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు కూడా అంతే, డాక్టర్ చీటీ, అక్కడి అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. పచ్చడి మధ్యలో గంజాయి పెట్టి పంపేవాళ్లున్నారు. విప్పుతానంటే పెద్దమ్మ నొచ్చుకున్నా పరవాలేదు.

మీ పేరు మీద ఇంకొకరికి సిమ్ తీసివ్వకండి, ఇంకొకరి లోన్‌కు సంతకం పెట్టకండి.

చందాల విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇక్కడ ఎవరైనా చనిపోతే వాట్సాప్‌లో ఫొటో, అకౌంటు నంబరు పెట్టి నలుగురిని అడుగుతాం. యూఏఈలో అనుమతి లేకుండా జనం దగ్గర విరాళాలు పోగుచేయడం నేరం, 2021లో దీని మీద చట్టం కూడా వచ్చింది. జైలు, భారీ జరిమానా ఉంటాయి. ఇవ్వాలనుకున్నవాళ్లు నేరుగా ఆ కుటుంబం అకౌంటుకే పంపండి. మధ్యలో ఉండి వసూలు చేసే పని నెత్తిన వేసుకోకండి.

మనిషి పోతే

రూంలో మనిషి చనిపోతే ముందు పోలీసులకు చెప్పాలి. శరీరాన్ని కదపకూడదు. పోలీసు రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, మన ఎంబసీ ఎన్‌వోసీ, శరీరం చెడకుండా చేయించడం, విమానం, ఇవన్నీ కావాలంటే వెంటపడి తిరిగే మనిషి ఒకరుండాలి. ఇంటివాళ్ల నుంచి అంగీకార పత్రం రావాలి. దాని కోసం రెండు వైపులా ఒక్కొక్కరిని పెట్టుకోండి, అక్కడొకరు, ఊళ్లో ఒకరు. పదిమంది పది ఫోన్లు చేస్తే పని ఆలస్యమవుతుంది. కంపెనీ ఖర్చు పెట్టకపోతే ఎంబసీలో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అది 2009 నుంచి ఉన్నదే, అడగాలి. శంషాబాద్ నుంచి ఊరికి ప్రభుత్వ అంబులెన్స్ ఉచితంగా వస్తుంది, ముందే చెప్పుకోవాలి.

ఇక ఇది ఊళ్లో ఉన్నవాళ్లకు. పోయినవాడి భార్యకు మొదటి వారం అందరూ అన్నం తెస్తారు. నెల తర్వాత అప్పులోళ్లు తప్ప ఎవరూ గడప తొక్కరు. ఆమెకు అప్పుడే మనిషి కావాలి. పది పాస్ కాని మనిషి ఎమిగ్రేషన్ అనుమతితో (విదేశంలో పనికి పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) పక్కాగా వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా తప్పకుండా తీసి ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో పోతే 10 లక్షలు. గుండెపోటుకు ఆ 10 లక్షలు రావు. విజిట్ వీసా మీద వెళ్లినవాడికి ఆ పాలసీయే ఉండదు. చాలా ఇళ్లలో పాలసీ ఉన్నట్టు కూడా తెలియదు, పెట్టెలో కాగితాలు వెతికించండి. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వడానికి 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, దరఖాస్తు కలెక్టర్‌కు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. చిన్నపిల్లల్ని ఒక ఇంట్లో ఉంచుకొని, ఆమె వెంట ఇద్దరు ఆడవాళ్లు, చదువుకున్న పిల్లగాడు ఒకడు వెళ్లండి. పాస్‌పోర్టు జిరాక్స్, డెత్ సర్టిఫికెట్, ఆధార్, ఆమె పేరు మీద బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుపొండి. రసీదు చేతికి వచ్చేదాకా అక్కడినుంచి కదలొద్దు.